స్పేర్ బస్సు

“బెల్టు బాల్కనీల ఆరబెట్టిన. పోయేటప్పుడు యాది చేసి కట్టుకో,” అన్నాడు కనకరాజు, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

త్రివేణి పీట మీద జొన్నరొట్టె కొడుతోంది. అత్తగారికి షుగరు. పొద్దున రొట్టె, రాత్రికి రొట్టె. గోధుమవి పనికిరావు, జొన్నవే కావాలి, అవి కూడా కోడలు చేత్తో కొట్టినవే కావాలి. వంగి ఒక్కో దెబ్బ వేస్తుంటే నడుములో ఎవరో స్క్రూ బిగిస్తున్నట్టు ఉంటుంది. శిరీష పుట్టినప్పుడు మొదలైన నొప్పి, ఆ పిల్ల ఇంటర్ చదువుకని హాస్టల్‌కు పోయినా తగ్గలేదు. “కూసొని చేసే నౌకరి, గంత నొప్పేంది?” అని కనకరాజు, “మేము నాట్లేసినప్పుడు లేని నొప్పులు” అని అత్త శంకరమ్మ, తలా ఒక మాట అని ఊరుకునేవాళ్ళు.

అలాంటి మనిషి ఎండాకాలం మొదట్లో తానే మెడికల్ షాపుకు పోయి, నడుముకు చుట్టుకునే వెడల్పాటి బెల్టు తెచ్చాడు. “డ్యూటీల గూడ ఇడువకు. దినమంతా కట్టుకుంటనే గుణం,” అన్నాడు. అంతటితో ఆగలేదు. ప్రతి ఆదివారం అడిగి మరీ విప్పించుకుంటాడు. చెమట వాసన పోవాలని బాల్కనీలో ఆరబెట్టి, సోమవారం పొద్దున తెచ్చి చేతికిస్తాడు. తాగిన గ్లాసు సింకులో వేయని మనిషి! త్రివేణి ఈ ముచ్చట ల్యాబులో అందరికీ చెప్పుకుంది. చెప్పుకున్నాక సిగ్గుపడింది కూడా. పెళ్ళయిన ఇన్నాళ్ళకు ఒక బెల్టు దొరికితే ఇంత సంబరమా అని.

“ఈ స్పేర్ బస్సొకటి నా పానం తీస్తుంది,” కనకరాజు తెరను వేలితో పెద్దది చేసి చూస్తున్నాడు. “పొద్దుటి పూట ఉన్నట్టుండి గాయబ్ అయితది. మళ్ళ గంటలకొద్ది పత్తా ఉండదు.”

ఉప్పల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో బస్సులకు సూపర్‌వైజర్ అతను. ప్రతి బస్సులో ఒక పరికరం ఉంటుంది. ఏ బస్సు ఏ సందులోకి మళ్ళినా అతని ఫోన్‌లో చుక్క కదులుతుంది. ఆ చుక్కలను చూసుకోవడం అతనికి టీ తాగడం లాంటిది.

“డ్రైవర్‌ను అడుగరాదు?” అంది త్రివేణి రొట్టె పెనం మీద వేస్తూ.

కనకరాజు తలెత్తి ఆమెను చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు.

“అడుగుత. అవుగని, మొన్న శుక్రారం పొద్దున ఏడికన్న పోయినవా?”

“ఏడికి పోత? ల్యాబులనే ఉన్న.”

“ల్యాబులనేనా?”

“ఫోన్లు బయట పెట్టి లోపటి గదిల కూసుంటమని చెప్పిన కదా.”

“ఊకె అడిగిన తియ్.”

ఊకె అడగడు. ఆ సంగతి త్రివేణికి ఈ మధ్యే అర్థమవుతోంది. ఓ సాయంత్రం ల్యాబు నుంచి వస్తూ, ఎందుకో ఇంటికి పోబుద్ధి కాక, లాలాపేట్ ఫ్లైఓవర్ కింద బండి దగ్గర ఆగి మిర్చి తింది. ఎవరితోనూ కాదు, ఒక్కతే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ముక్కు కారుతుంటే తుడుచుకుంటూ, ఎవరికీ వడ్డించకుండా తినడం ఎంత బాగుందో ఆ రోజే తెలిసింది. రాత్రి అన్నం తింటూ కనకరాజు, “లాలాపేట్‌ల మిర్చి మంచిగుంటదట కదా?” అన్నాడు. ఎవరు చెప్పారు? కింది ఫ్లాటు ఆవిడా? రోజూ ఎక్కే ఆటో హన్మయ్యా? హన్మయ్యేనని ఖాయం చేసుకుని, మర్నాటి నుంచి అతని ఆటో ఎక్కడం మానేసింది. “ఏం తప్పు జేసిన బిడ్డా?” అని ఆ ముసలాయన పీర్జాదిగూడ కమాన్ దగ్గర అడిగితే మొహం తిప్పుకుంది. అప్పటి నుంచి లాలాపేట్ పోనే లేదు. రోజూ సాయంత్రం కనకరాజు “ఏడున్నవ్?” అని ఫోన్ చేస్తాడు. ఆమె ఉన్న చోటు ఉన్నట్టు చెబుతుంది. అతను “ఊ” అంటాడు. ఆ ‘ఊ’లో ఏదో సరిచూసుకున్న తృప్తి ఉంటుంది. మాష్టారు పిల్లవాడి జవాబు కింద టిక్కు పెట్టినట్టు.

రొట్టె మాడిన వాసన వచ్చింది. “పొయ్యి మీద పెట్టి ఏడ తిరుగుతున్నవ్?” లోపలి గదిలోంచి శంకరమ్మ కేకేసింది.

త్రివేణి బెల్టు బిగించుకుని బయల్దేరింది.

నాచారం పారిశ్రామిక వాడలో మందుల ఫ్యాక్టరీల ఘాటు వాసన దాటాక, ఒక రేకుల గేటు వెనక ఉంటుంది వాళ్ళ ల్యాబు. ఊళ్ళో మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో తేల్చే చోటు. ఆ మీటర్లను తేల్చే మీటర్లను కూడా తేల్చేది త్రివేణి గది. అక్కడ గోరంత చిప్పు ఒకటి హీలియం ద్రవంలో, ఊహకందని చలిలో మునిగి ఉంటుంది. దాని మీదికి మైక్రోవేవ్ పంపితే వోల్టేజి మెట్లు మెట్లుగా వస్తుంది. ఆ మెట్ల ఎత్తు మనుషులు పెట్టింది కాదు, ప్రకృతి పెట్టింది. ఇక్కడైనా ఇంకో దేశంలోనైనా ఒక్కటే. క్వాంటమ్ వోల్టేజి స్టాండర్డ్ అంటారు దాన్ని. త్రివేణికి మాత్రం అది ఒక ధైర్యం. ఎవరి కోపతాపాలను బట్టీ మారని కొలత ఒకటి లోకంలో ఉంది, దాని గది తాళంచెవి తన దగ్గర ఉంది.

ఇప్పుడా ధైర్యానికే పరీక్ష వచ్చింది. బెంగుళూరు నుంచి అలాంటిదే ఇంకో యంత్రం పెట్టెల్లో దిగింది. తెచ్చింది పద్మశ్రీ అనే ఇంజనీరు. హిందూపురం మనిషి, ముక్కుసూటి. రెండు యంత్రాలనూ ఎదురెదురుగా కలిపి పోల్చాలి. రెండూ నిజమైనవైతే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా మిగలాలి. ఆ తర్వాత తీగలు తిప్పి, ప్లస్సును మైనస్సు చేసి మళ్ళీ కొలవాలి. తిప్పినా తిరగకుండా ఏదైనా మిగిలిందంటే అది వోల్టేజి కాదు, దారిలో తీగలు కలిపిన అబద్ధం. దాన్ని తీసి పారేయాలి. ఈ పోలిక నెగ్గితే త్రివేణి గదికి దేశంలో పేరు. రెండో విడత పోలికకు ఇక్కడి మనిషి బెంగుళూరు పోవాలి. నెగ్గకపోతే గదికి తాళం. త్రివేణి మళ్ళీ కింద హాల్లో ఫ్యాక్టరీ మీటర్లకు స్టిక్కర్లు అంటించుకోవాలి.

పోయిన వారమంతా సున్నా రాలేదు.

వోల్టులో వందకోట్ల వంతుల్లో అటూ ఇటూ ఆడాల్సిన అంకె ఉన్నట్టుండి ఎగిరిపడుతోంది. మెట్టు మీద నిలబడాల్సిన చిప్పు కాలు జారుతోంది. కేబుళ్ళు మార్చారు. మీటరు మార్చారు. హీలియం నింపి చూశారు. ఒకరోజు బాగున్నట్టే ఉంటుంది, మర్నాడు పిచ్చెత్తినట్టు ఎగురుతుంది. త్రివేణి మొదట పద్మశ్రీ యంత్రాన్ని అనుమానించింది. ప్రయాణంలో ఏదో కదిలి ఉంటుంది, చెప్పడం లేదు అనుకుంది. తర్వాత వంశీకృష్ణను అనుమానించింది. తనకంటే వెనక చేరిన కుర్రాడు, బెంగుళూరు ప్రయాణం మీద కన్ను వేశాడని అందరికీ తెలుసు. తను భోజనానికి పోయినప్పుడు ఏ స్క్రూ వదులు చేస్తున్నాడో అని, టిఫిన్ డబ్బా గది గుమ్మం ముందు పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. చివరికి రాత్రి పక్క మీద పడుకుని తన చేతులనే అనుమానించింది.

సోమవారం మధ్యాహ్నం ల్యాబు హెడ్ వీరేందర్ వచ్చాడు. “త్రివేణి మేడమ్, గెస్ట్ మేడమ్‌కు లంచ్ సంగతి జర మీరే చూసుకోండ్రి, లేడీస్ కదా,” అని రోజూ చెప్పే మనిషి, ఆ రోజు భోజనం మాట ఎత్తలేదు.

“అన్నీ మార్చి చూసినం కదా. ఇగ మనిషిని మార్చి చూద్దాం,” అన్నాడు.

త్రివేణి లేచి బయటికొచ్చింది. వంశీకృష్ణ లోపల కూర్చున్నాడు. బయటి సిగ్నళ్ళు చొరబడకుండా రాగిరేకు తొడిగిన బరువైన తలుపు పడింది. బయట మానిటర్ మీద గీత చూస్తూ అందరూ నిలబడ్డారు. గీత ఎగరలేదు. మధ్యాహ్నమంతా ఎగరలేదు.

“మేడమ్‌కు మన వోల్టుకు పడతలేదు సార్,” అన్నారెవరో. నవ్వారు. వీరేందర్ కూడా నవ్వాడు. “గట్లనకుండ్రి, పాపం. రేపటి సంది వంశీ కూసుంటడు. బెంగుళూరు గూడ వాడే పోతడు. మీరు బయట డేటా చూడుండ్రి మేడమ్, మీకు నడుం నొప్పి గూడ కదా.”

త్రివేణికి ఇది కొత్త కాదు. పాలు విరిగితే “దీని చెయ్యే గంత” అంటుంది అత్త. టీవీ ఆగితే “రిమోట్ నువ్వే పట్టినవా?” అంటాడు మొగుడు. ఇంట్లో ఏ తేడా వచ్చినా మొదట తనను కదా పక్కకు జరిపి చూస్తారు. కానీ ఇక్కడ, ఈ గదిలో, గీత కూడా వాళ్ళ మాటే నిజమంటోంది. తను లోపలుంటే ఎగురుతోంది, బయటికొస్తే పడుకుంటోంది. గీత అబద్ధమాడదు. వాళ్ళ మాటలకు ఏడవలేదు గానీ ఆ గీతకు ఏడుపొచ్చింది. బాత్రూములో మొహం కడుక్కుంటుంటే ఒక ఆలోచన చల్లగా దిగింది. కేబుల్ చెడిందంటే కేబుల్ మొత్తం తీసి పారేసి ఊరుకుంటామా? ఏ కొన చెడిందో చూస్తాం. మరి మనిషిని మాత్రం మొత్తంగా ఎందుకు పారేయాలి?

మర్నాడు పొద్దున్నే వచ్చి పద్మశ్రీని పట్టుకుంది.

“మనిషిని మార్చి చూసిన్రు. నన్ను ముక్కలు ముక్కలుగ మార్చి చూడలే. ఇయ్యాల మనిద్దరమే చూద్దాం.”

పద్మశ్రీ ఆమెను పరీక్షగా చూసింది. “ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు ఫోన్ ఏదన్నా లోపలికి తెస్తున్నారా? ఇంటి నుంచి అర్జెంటు కాల్స్ వస్తాయని, ఆడవాళ్ళం దాచుకుంటాం. నేనూ ఒకసారి దాచాను.”

ఈమె కూడానా అనుకుంది త్రివేణి. “వెతుక్కోండి,” అంది.

లోపల త్రివేణి కుర్చీలో కూర్చుంది. గీత ఎగిరింది. వాచీ తీసి బయట ట్రేలో పెట్టి వచ్చి కూర్చుంది. ఎగిరింది. గాజులు తీసింది, జడ పిన్నులు తీసింది, మట్టెలు తీసింది. తీసినప్పుడల్లా బయటికి పోవడం, మళ్ళీ వచ్చి ఆ బరువు తలుపు మూయడం, గీత కుదురుకునే దాకా ఊపిరి బిగబట్టి కూర్చోవడం. ఎగురుతూనే ఉంది. పుస్తెలతాడు మీద చెయ్యి వేసినప్పుడు పద్మశ్రీ, “అది ఉండనీయండి,” అంది.

“ఇది కూడ లోహమే కదా,” అని త్రివేణి తీసేసింది. మెడ తేలికగా, బోసిగా, ఎవరిదోలా ఉంది. లోపలికొచ్చి కూర్చుంది. గీత ఎగిరింది. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పద్మశ్రీ ఫక్కున నవ్వింది. “పాపం, దాని తప్పేం లేదు!”

“ఇగ ఏం లేదు,” అంది త్రివేణి. “ఈ బెల్టే. ఇది బట్టనే. మా ఆయన కొనిచ్చిండు.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక దాని వంకర వినిపించింది. మా ఆయన కొనిచ్చాడు కాబట్టి పరీక్ష అక్కర్లేదు అన్నట్టుంది. ఈ కేబుల్ మావాళ్ళు చేసిందని ఎవరైనా కొలవకుండా వదులుతారా? పుస్తెలతాడు తీయడానికి ఆగని చెయ్యి బెల్టు పట్టీ దగ్గర ఆగింది. తాడు అందరికీ కడతారు. బెల్టు తన నొప్పిని చూసి ఒకరు తెచ్చింది. నొప్పి ఉందని ఒప్పుకుని తెచ్చింది.

చర్రున పట్టీ విప్పి బయట పెట్టి వచ్చింది.

మేస్త్రీ గోడకు దారం పట్టినట్టు, గీత తిన్నగా పడుకుంది.

ఆగి, ఆగి, పద్మశ్రీ లేచి బెల్టును లోపలికి తెచ్చింది. ఎగిరింది. బయట పెట్టింది. పడుకుంది. తీగలు తిప్పి చూశారు. అదే సున్నా.

గది బయట బల్ల మీద బెల్టును పరిచి తడిమారు. వెన్ను మీద ఆనే మెత్తటి చోట, దూది పొర మధ్యలో గట్టిగా తగిలింది. అడుగున చేతి కుట్టు. పద్మశ్రీ దారం కొన పట్టి లాగింది. ఒక్క లాగుకే అంతా ఊడివచ్చింది. అగ్గిపెట్టెలో సగం ఉన్న నల్లటి డబ్బా, మూలన కన్నుకొడుతున్న పచ్చ దీపం. దాని మీద తెల్ల స్టిక్కరు. స్టిక్కరు మీద నీలం పెన్నుతో కనకరాజు అక్షరాలు.

స్పేర్ బస్సు.

“ఏమిటిది? ఏ బస్సు?” అంది పద్మశ్రీ.

త్రివేణి కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఒక్కొక్కటే వచ్చి చోట్లో కూర్చున్నాయి. లాలాపేట్ మిర్చి. శుక్రవారం పొద్దుట ఏడికి పోయావన్న ప్రశ్న. ఆదివారం బాల్కనీలో ఆరే బెల్టు. ఆ బాల్కనీలో ప్లగ్గు ఉంది, ఎండ రాదు. మూడు నెలలుగా తను చూసుకుని మురిసింది ఆ డబ్బాకు ఛార్జింగ్ పెట్టే తీరిక. ఈ పోలిక మొదలయ్యాకే తను గంటలకొద్దీ రాగి గదిలో ఉంటోంది. అందులో దానికి ఉపగ్రహాలు అందవు, కనకరాజు ఫోన్‌లో చుక్క మాయం. ఫోన్ టవర్ మాత్రం సన్నగా, ఎక్కడో దూరంలో ఉన్నట్టు వినిపిస్తుంది. దూరమైందనుకుని అది గొంతు చించుకుని అరుస్తుంది. ఆ అరుపుకే చిప్పు కాలు జారింది. ఇక్కడ ల్యాబు, అక్కడ మొగుడు, ఇద్దరూ ఒకే వేళ తనను అనుమానించారు. ఇద్దరికీ సాక్షి ఒక్కటే. అది తన నడుముకే కట్టి ఉంది.

ఆరుతూ వెలుగుతున్న పచ్చ దీపం వైపు చూసి పద్మశ్రీకీ విషయం అర్థమైంది. ఓదార్పు మాటలు చెప్పలేదు. “ఆపేయనా?” అని మాత్రం అడిగింది.

“వద్దు. ఆపితే ఆయనకు ఎరుకైతది.”

వీరేందర్ వచ్చాడు. గీతను చూశాడు, డబ్బాను చూశాడు. “చెప్పిన కదా, మేడమ్ వల్లనే అని!” అన్నాడు మొదట. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. “ఇది ఇంటి ముచ్చట. మనకెందుకు? బయటి నుంచి ఏదో సిగ్నల్ అడ్డమొచ్చింది అని రిపోర్టుల రాద్దాం. మీ ఇజ్జత్ గూడ ఉండాలె కదమ్మా.”

“బయటి నుంచి రాలే సార్. నేనే మోసుకొచ్చిన. నాకు తెల్వకుంట నాకు కట్టి పంపిన్రు. గట్లనే రాయండ్రి. నా ఇజ్జత్‌కు ఏం కాదు.” తన గొంతు తనకే కొత్తగా ఉంది. “బెంగుళూరుకు నేను పోత.”

“అది… మీ ఆయన ఒప్పుకోడమ్మా. పోయిన నెల్లనే నాకు ఫోన్ చేసిండు. మా ఆమెను బయటూళ్ళకు పంపకుండ్రి సార్, ఆమె పానం మంచిగుంటలేదు అని.”

“పోయిన నెల్ల? అప్పటికి బెంగుళూరుకు ఎవరు పోవాల్నన్న ముచ్చటే రాలే. మరి మీరు నాకు చెప్పలే?”

“ఎందుకని…” వీరేందర్ తలుపు వైపు చూశాడు. “మొగోడు గంత ఫికర్ పడుతుంటే…”

“పేరు నేను రాసేశాను సార్,” అంది పద్మశ్రీ, లాప్‌టాప్ మూస్తూ. “రెండో విడతకు త్రివేణి గారు. మా వైపు నుంచి ఆమెనే అడుగుతున్నాం. వారం రోజులు జారే మెట్టును ఎవరూ పట్టలేకపోయారు, ఆమె పట్టింది.”

హీలియం మళ్ళీ నింపాలి. యంత్రం కుదురుకోవడానికి రేపటి దాకా ఆగాలి. త్రివేణి డబ్బాను బెల్టులో తోసి, బెల్టు కట్టుకుని మధ్యాహ్నమే బయటికొచ్చింది. రోజూ పోయే దారినే. చుక్క నాచారం నుంచి కదిలి హబ్సిగూడ, ఉప్పల్ రింగురోడ్డు మీదుగా పీర్జాదిగూడకు పోతుంది. చూసుకోనీ. తిన్నగా ఇంటికే పోతుంది కదా.

దారంతా ఆమె ఆలోచిస్తున్నది కనకరాజు గురించి కాదు. కుట్టు గురించి. కనకరాజుకు సూదిలో దారం ఎక్కించడం రాదు. ఊడిన గుండీ కూడా తల్లికే ఇస్తాడు.

శంకరమ్మ హాల్లో కింద కూర్చుని పాత చీరలతో బొంత కుడుతోంది. టీవీలో సీరియల్ నడుస్తోంది. త్రివేణి బెల్టు విప్పి, కుట్టు ఊడిన వైపు పైకి పెట్టి, ఆమె ఒళ్ళో వేసింది.

“కుట్టు నీదే కదా అత్తమ్మా.”

ముసలామె సూది ఆగింది. కళ్ళద్దాలు పైకి జరుపుకుని డబ్బాను చూసింది. “ఎల్లిందా బయటికి?” అంది.

“అంటే ఎరుకేనన్నట్టు.”

“వాడు నొప్పి గుంజే మిషన్ అన్నడు. కుట్టుమన్నడు, కుట్టిన.”

“నమ్మినవా?”

“ముగ్గుర్ని కన్నదాన్ని. నొప్పి గుంజే మిషన్ మొగోళ్ళు తెస్తరా?” శంకరమ్మ టీవీ గొంతు తగ్గించింది. కాసేపు బొంత మీద ముడతలు సరిచేసింది. “మీ మామ నాకు పెండ్లయిన కొత్తల ఎండి కడియాలు చేపిచ్చిండు. బోలు కడియాలు, లోపట గుండ్లు. నడిస్తే గల్లుగల్లుమనేటియి. ఊరంతా ఏమన్నదంటే, సిద్దయ్యకు పెండ్లామంటే ఎంత పావురమో, ఎంత ప్రేమో అన్నది. నేను గూడ గట్లనే అనుకున్న. చేన్ల కలుపు తీస్తుంటే ఒక్కతాన ఎక్కువసేపు కూసుంటే చప్పుడు ఆగేది. ఆగిందా, గట్టు మీదికెల్లి కేకేస్తుండె. ఏం జేస్తున్నవే, ఎవరితోని ముచ్చట పెడ్తున్నవే అని. గప్పుడు సమజయింది, కడియాలు ఎందుకో.”

“తీసెయ్యలేదా?”

“కాలు వాసినంక కోసి తీసిన్రు. అప్పటికి ఆయన పోనే పోయిండు.”

“గంత ఎరుకుండి నాకెందుకు కుట్టినవ్?”

శంకరమ్మ మొహం ఎత్తింది. ఆ మొహంలో పశ్చాత్తాపం లేదు. కోపం ఉంది, ఎవరి మీదో తెలియని కోపం. “నా కుట్టు ఎట్లుంటదో నీకెరుకలేదా? ఈ బొంతలు నువ్వు వాషింగ్ మిషన్ల ఎన్నిసార్లేసినవ్, ఒక్క పోగన్న ఊడిందా? దానికి వదులుగ కుట్టిన. గుంజితే ఊడేటట్టు. ఇయ్యాల ఊడుతది, రేపు ఊడుతది అని చూస్తున్న. నువ్వు ఒక్కనాడన్న గుంజి చూస్తివా? మొగుడు తెచ్చిండని దాన్ని తడుముకుంటనే ఉంటివి!”

నిజమా? ఇప్పుడు దొరికాక అల్లిన మాటా? త్రివేణి ఆ ముడతల మొహంలో చాలాసేపు వెతికింది. ఇన్నేళ్ళు రొట్టె మాడిందని అరిచిన మొహం. ఈ ఒక్క కుట్టులో తన పక్షాన నిలబడిందని నమ్మాలా? నమ్మబుద్ధవుతోంది. నమ్మబుద్ధయినదాన్ని నమ్మే కదా మూడు నెలలు నడుముకు కట్టుకు తిరిగింది. పక్కనున్న బొంత అంచు పట్టుకుని గట్టిగా లాగింది. రెండు చేతులా లాగింది. ఒక్క పోగు కదల్లేదు.

“చింపుతవా ఏంది?” అంది శంకరమ్మ. తర్వాత కాళ్ళు చాపుకుని, మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి లేచి, బెల్టును తన నడుము చుట్టూ తిప్పుకుంది. “అందుతలేదు. జర గుంజి బిగియ్యి.”

“అత్తమ్మా?”

“బిగియ్యమంటున్న కదా. నాకు మాత్రం నొప్పి లేదా? వాడు చూసుకుంటడు, నువ్వు ఇంట్లనే ఉన్నవని. నువ్వు ఏడికన్న పోయి రా పో. రొట్టెలు నేను కాల్చుకుంట. మాడితే నన్ను నేనే తిట్టుకుంట.”

త్రివేణి బిగించింది. వెనక నిలబడి పట్టీ అంటిస్తుంటే, ఆ ముసలి వెన్ను కూడా తన వెన్నులాగే ఒక పక్కకు ఒరిగి ఉందని మొదటిసారి గమనించింది.

కమాన్ దగ్గర హన్మయ్య ఆటో ఆపుకుని ఉన్నాడు. ఆమె తిన్నగా పోయి ఎక్కింది.

“కోపం పోయిందా బిడ్డా?”

“నీ మీద కాదు తాతా. తప్పు నాదే. లాలాపేట్ పోనీ.”

ఫ్లైఓవర్ కింద అదే బండి, అదే ప్లాస్టిక్ కుర్చీ. నూనె సలసల కాగుతోంది. త్రివేణి నడుము మీద చెయ్యి వేసుకుంది. నొప్పి అలాగే ఉంది. పట్టీ లేదు. వచ్చే వారం బెంగుళూరుకు ఏ చీరలు పెట్టుకోవాలా అని ఆలోచిస్తూ మిర్చి కొరికింది. కనకరాజు కొట్టాడు, తిట్టాడు, తాగొచ్చాడు అని ఎవరికైనా చెప్పుకోవచ్చు. ప్రేమగా చూసుకున్నాడు, అదే తప్పు అని ఎవరికి చెప్పాలి? చెప్పాల్సింది తను కాదు, అతనే. ఎట్లా చెప్పిస్తుంది? అడిగితే నవ్వేస్తాడు. డబ్బా చూపిస్తే, నీ మంచికే అంటాడు. తీగలు తిప్పి చూడాలి. అంతే. ఇన్నాళ్ళూ ఆ డబ్బా చెప్పేదీ తను చెప్పేదీ ఒక్కటే అయ్యాయి, అందుకే అతనికి ‘ఊ’ సరిపోయింది. ఈ రోజు రెండూ వేరు. ఇద్దరిలో ఎవరిని నమ్ముతాడో చూడాలి.

ఫోన్ మోగింది.

“ఏడున్నవ్?” అన్నాడు కనకరాజు. గొంతు నిమ్మళంగా ఉంది. జవాబు ముందే తెలిసినవాడి గొంతు.

“లాలాపేట్‌ల.”

“ఏడా?”

“లాలాపేట్‌ల. ఫ్లైఓవర్ కింద. మిర్చి తింటున్న.”

“మజాక్ చెయ్యకు.”

“మజాకేంది? నూనె చప్పుడు ఇనపడతలేదా? హన్మయ్య తాత గూడ ఉన్నడు. మాట్లాడుతవా?”

“త్రివేణీ, ఊకె అబద్ధాలు చెప్పకు.” గొంతు లేచింది. “ఇంట్లనే ఉన్నవ్ నువ్వు. మధ్యాహ్నం వచ్చినవ్, వచ్చినకాడికెల్లి గడప దాటలే!”

ఆ మాట ఇద్దరి మధ్యా వేలాడింది. ఆపుకోలేక అనేసిన మాటను వెనక్కి గుంజుకోవడానికి అతను పీల్చిన ఊపిరి కూడా ఆమెకు వినిపించింది. త్రివేణి చేతిలోని మిర్చిని కాగితం మీద పెట్టి, వేళ్ళు తుడుచుకుని, ఫోన్‌ను చెవికి ఇంకొంచెం దగ్గరగా ఆనించుకుంది.

“నీకెట్ల ఎరుక?”